పెద్దల చోటు

దీవి,
వాన మధ్యాహ్నం.

అక్కా,

అత్తయ్య నిద్రపోయింది. ఆవిడ గురక వినిపిస్తున్నంతసేపే నాకు రాయడానికి తీరిక. గురక ఆగితే ఎక్కడున్నానో అక్కడే ఆపేస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. నా చదువు ఎంతో నీకు తెలుసు.

అసలు సంగతి ముందు రాసేస్తాను, తర్వాత రాయాలంటే సిగ్గేస్తుంది. నువ్వు పెద్దమ్మవి కాబోతున్నావు. ఈ ముక్క ఎలా రాయాలో తెలియక కాగితాలు చింపుకున్నాను. ఇక దీని గురించి ఎక్కువ అడగకు.

మా ఇల్లంతా ఫెర్రీ మీదే నడుస్తుంది. మామగారు ఫెర్రీ నడిపే సరంగు పని మానేసి చాలా కాలమైంది కదా, అయినా ప్రతి ఫెర్రీకీ జెట్టీ మీదకి వెళ్ళి నిలబడతారు. ఆయన చెయ్యి ఎత్తేదాకా కొత్త సరంగు హారన్ కొట్టడు. దీవిలో పిల్లా పెద్దా అందరికీ ఆయనే ‘పెద్ద సరంగు’. మీ మరిదిగారి పని డెక్కు మీద. లారీ ఎక్కడ పెట్టాలి, ఆటో ఎక్కడ దూర్చాలి అన్నీ ఆయనే చూస్తారు. పొద్దుటినుంచి “రానీ, రానీ, ఆపు” అని అరిచి ఇంటికొచ్చేసరికి గొంతు ఖర్చయిపోతుంది. కూర వడ్డిస్తుంటే కూడా “రానీ... ఆపు” అంతే. ఒకరోజు నవ్వు ఆపుకోలేక గరిటె కింద పడేశాను.

కాన్పుకి నీ దగ్గరికి వస్తానక్కా. ఇక్కడ డాక్టరు లేడు, నర్సమ్మ ఒక్కతే. నెలలు నిండకముందే అవతలి ఒడ్డుకి వెళ్ళిపోవడం మంచిదని ఆవిడే అంది. నేను అడగలేను. మామగారి ముందు నిలబడితే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. నువ్వే ఆయనకి రాయి.

నేను ఫెర్రీ ఎక్కింది పెళ్ళయి వచ్చిన రోజే. తలవంచుకుని కూర్చున్నాను కాబట్టి నా కాలివేళ్ళు తప్ప ఏమీ చూడలేదు. మా కారుని అన్నిటికంటే ముందు ఎక్కించి, సరంగు గది కింద, బాగా లోపలికి పెట్టారు. దాన్ని ‘పెద్దల చోటు’ అంటారట. ఎండ తగలదు, నీళ్ళు చిందవు. మిగతా బళ్ళన్నీ దిగిపోయాక గానీ మమ్మల్ని దింపలేదు. “పెద్దింటివాళ్ళు తోసుకుని దిగరు” అంది అత్తయ్య. కాబోలు అనుకున్నాను.

గురక ఆగిం

నీ పిట్ట


రేవు,
టీ కొట్టు నుంచి.

ఒసే పిట్టా,

నీ ఉత్తరం చదువుతూ మీ బావ కాలి మీద వేడి టీ ఒలకబోశాను. ఆయన గెంతుతుంటే “పెదనాన్నవయ్యావు, గెంతకు, పరువు పోతుంది” అన్నాను. కాలిన కాలితోనే కొట్టులో అందరికీ చెప్పాడు. నువ్వేమో సిగ్గుపడి కాగితాలు చింపుకున్నావు, ఇక్కడ లారీ డ్రైవర్లకి కూడా తెలిసిపోయింది.

ముందు గదిలో పంచదార బస్తాలు తీయించేసి మంచం వేశాను. నా ఇద్దరు పిల్లలూ అప్పుడే ‘పిన్ని మంచం’ అని దాని మీద ఎక్కి తొక్కుతున్నారు. ఆసుపత్రి మా వీధి చివరే. నువ్వు వచ్చి కాళ్ళు చాపుకుని పడుకోవడమే మిగిలింది.

మీ మామగారికి రాస్తాను. గట్టిగా రాయలేను, బతిమాలుతున్నట్టే రాస్తాను. సంగతి నీకు తెలుసు. ఫెర్రీ రాగానే తాడు అందుకుని గుంజకి చుట్టే ఈ పని మీ బావకి ఆయన నోటి మాట మీదే వచ్చింది. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తరు, పెద్దమనిషి. ఎత్తకపోయినా నా తల మీద ఉంటుంది.

నువ్వు కూడా కాస్త నోరు తెరువు. మామగారేం పులి కాదు. పులైనా కడుపుతో ఉన్నదాన్ని చూసి ఒకసారి ఆలోచిస్తుంది.

మీ అక్క


దీవి.

అక్కా,

నీ ఉత్తరం మామగారు వరండాలో కూర్చుని పైకి చదివారు. నేను తలుపు వెనక ఉన్నాను.

“వీళ్ళక్క మనకి నెలల లెక్క చెబుతోందే!” అన్నారు నవ్వుతూ.

అత్తయ్య నవ్వలేదు. “ఫెర్రీ మన గుమ్మంలో పెట్టుకుని అక్కింట్లో నెలల తరబడి పడుండడమేమిటి? సరంగు ఇంట్లో కోడలికి తిండి లేదనుకుంటారు.”

అప్పుడు మామగారు నన్ను పిలిచారు. “అమ్మాయ్, నొప్పి అని నువ్వు అనడమే ఆలస్యం. ఫెర్రీ జెట్టీ వదలదు, నువ్వు ఎక్కేదాకా. ఊళ్ళో ఎందరినో దాటించినవాణ్ణి, నా మనవణ్ణి దాటించుకోలేనా?”

ఆయన మాటలో అబద్ధం లేదక్కా. నన్ను బాగానే చూసుకుంటారు. చేప తెస్తే నడిమి ముక్క నా కంచంలోనే వేయమంటారు. అందుకే ఎదురు చెప్పడం ఇంకా కష్టం. తిట్టేవాళ్ళయితే ఏడ్చి సాధించుకోవచ్చు. ప్రేమగా వద్దనేవాళ్ళతో ఏం చేస్తాం?

గదిలోకి వచ్చాక మీ మరిదిగారితో “మీరు చెప్పండి” అన్నాను.

“నాన్నకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు.”

“అలవాటు చేసుకోండి” అన్నాను. అవునక్కా, నేనే. అన్నాక నాకే భయమేసి వంటింట్లోకి పారిపోయాను. ఆయన వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి “చూద్దాంలే” అన్నారు. ఈ ఇంట్లో ‘చూద్దాం’ అంటే ‘కాదు’ అని.

కడుపులో బాగా కదులుతోంది. ఫెర్రీ హారన్ వినిపించినప్పుడల్లా తన్నుతుంది. అత్తయ్య అది విని, “సరంగు రక్తం, ఊరికే పోతుందా” అని మురిసిపోయింది. నాకేమో, నన్ను పోనీ, పోనీ అంటున్నట్టు ఉంటుంది.

మంచం తీసేయకు.

పిట్ట


దీవి.

అక్కా,

నువ్వు పంపించావు కాబట్టి వచ్చాను. ఆసుపత్రి నుంచి నీ ఇంటికి, నీ ఇంటి నుంచి ఇక్కడికి, సామాను తిప్పినట్టు తిప్పారు. నీ తప్పని కాదు. ఇంకెక్కడికి వెళ్తాను?

ఉయ్యాల అటక ఎక్కించేశారు. నేను వచ్చేసరికి ఆ తాళ్ళు కట్టిన కొక్కేలు కూడా పీకేసి సున్నం పూశారు. ఇంట్లో ఎవరూ పోయిన పాప మాట ఎత్తరు. ముఖమైనా నాకు చూపించలేదు కదా. చూస్తే మరిచిపోలేనని నర్సులు అన్నారట. చూడకపోతే మరిచిపోతానని వాళ్ళకెవరు చెప్పారు?

పలకరించడానికి ఎవరొచ్చినా మామగారు ఒకటే చెబుతారు. “మన చేతిలో ఏముంది. ఆటుకి నీరు తీసేసింది. బళ్ళు దిగే ఇనపబల్ల రేవుకి అందలేదు. సముద్రం అడ్డుపడితే సరంగు ఏం చేస్తాడు?” ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

నాకు ఆ రోజు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పొద్దున వంటింట్లో నెత్తురు చూసుకున్నాను. నర్సమ్మ వచ్చి చూసి “ఇప్పటికిప్పుడు దాటించండి” అని కేకేసింది. మామగారు మాట తప్పలేదు. ఫెర్రీని ఆపించారు. జెట్టీ మీద వరసలో ఉన్న బళ్ళన్నిటినీ పక్కకి తీయించి, మా జీపుకి దారి చేయించారు. అందరూ తప్పుకున్నారు. వెనక సీట్లో పడుకుని ‘ఎంత మంచివాళ్ళు’ అనుకున్నాను. నీడగా ఉంది, చల్లగా ఉంది. అవతలికి వచ్చామని ఇంజను చప్పుడు తగ్గినప్పుడు తెలిసింది. అక్కడినుంచి కదల్లేదు. కేకలు. “రానీ, రానీ” అని మీ మరిదిగారి గొంతు, చీరుకుపోయేలా. చాలాసేపటికి నా తల దగ్గర అద్దం పగిలింది. ఆయన చెయ్యి లోపలికి వచ్చింది, మోచేతి దాకా నెత్తురు. ఆ నెత్తురు నాదో ఆయనదో తెలియలేదు. తర్వాత ఏమీ గుర్తులేదు.

ఒక్కటి అర్థం కావడం లేదు. బల్ల రేవుకి అందకపోతే, నన్ను జీపులోంచి తీసి మాత్రం ఎక్కడికి మోసుకెళ్తారు, నీళ్ళలోకా? అయినా తలుపు ఉండగా అద్దం ఎందుకు పగలగొట్టారు? ఇక్కడ అడిగితే “నువ్వు పడుకో అమ్మా” అంటారు. బావ ఆ రోజు తాడు అందుకున్నాడు కదా. అడిగి రాయి.

పిట్ట


రేవు.

నా తల్లీ,

ఆసుపత్రి వాళ్ళిచ్చిన మాత్రలు మానకు. చన్నీళ్ళలో చేతులు పెట్టకు. బరువులెత్తకు. నీకిష్టమని బిస్కెట్లు పంపుతున్నాను, ఒక్కదానివే తిను, అందరికీ పంచకు.

మీ బావని అడిగాను. నీరు తీసిందట, బల్ల అందలేదట. తలుపు సంగతంటావా, పాత జీపు కదా, బిగుసుకుపోయి ఉంటుంది. ఆ గొడవలో ఎవరికి ఏం తోస్తే అది చేశారు.

దాన్ని తవ్వుకుంటూ కూర్చోకు తల్లీ. మానుతున్న పుండుని గీరుకుంటే ఎవరికి నొప్పి? చిన్నదానివి, ఇంకా పిల్లలు పుడతారు. మీ మామగారు మొన్న కొట్టుకి వచ్చి టీ తాగారు. గ్లాసు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అటువంటి మామగారు ఎందరికి ఉంటారు?

కొట్టులో రద్దీగా ఉంది, ఉంటాను.

అక్క


దీవి.

అక్కకి,

నిన్న ఆసుపత్రిలో చూపించుకోవడానికి దాటాను. ఆయన డెక్కు మీద పనిలో ఉన్నారు. నన్ను పై అంతస్తులో ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈసారి తల వంచుకోలేదు. కిందంతా కనిపిస్తుంది అక్కడినుంచి.

బళ్ళు ఎక్కిస్తున్నారు. వరసలో అన్నిటికంటే ముందు ఒక ఆటో ఉంది. అందులో రాళ్ళు కొట్టే మనిషి, కాలు నలిగి మూలుగుతున్నాడు. దాన్ని చూడగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టి అరిచారు, “రోగి బండి ఆగు! నువ్వు ఆఖర్న! పక్కకి తియ్!”

నాకు ఒళ్ళు మండింది. నా పక్కన గంపలో కూరగాయలు పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. “పాపం, అంత నొప్పితో ఉన్నవాణ్ణి ఆఖర్న ఎక్కించడమేమిటి?” అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. “ఏ ఊరమ్మా మీది? దీనికి ఉన్నది ఒక్కటే గుమ్మం. ముందు ఎక్కిన బండి లోపలికి పోతుంది, అన్నీ దిగాక దిగుతుంది. ఆఖర్న ఎక్కినోడు గుమ్మంలో ఉంటాడు, బల్ల వాలగానే పోతాడు. అందుకే రోగిని ఆఖర్న ఎక్కిస్తారు. మేకపిల్లకి కూడా తెలుసు.”

“ఈ పద్ధతి ఎప్పటినుంచి?”

“పెద్ద సరంగు పెట్టిందే కదా” అంది.

అవతల బల్ల వాలింది. బావ ఇంకా తాడు గుంజకి చుడుతూనే ఉన్నాడు, ఆటో రోడ్డెక్కేసింది. బావ తలెత్తి నన్ను చూశాడు. చూసి మళ్ళీ తాడు వైపు తిరిగాడు. చుట్టిన తాడునే మళ్ళీ విప్పి చుట్టాడు.

నీ కొట్టు ముందునుంచే నడిచాను. నువ్వు పాలు కాస్తున్నావు. ఆగాలనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పైకి వచ్చి కమ్మీ దగ్గర నిలబడ్డారు. అడిగాను.

“ఆ రోజు నా జీపు ఎక్కడ పెట్టారు?”

“లోపల.”

“ఎవరు పెట్టారు?”

“నేనే.”

“ఎందుకు?”

“నాన్న అక్కడ పెట్టమన్నారు.”

అంతే అక్కా. జెట్టీ దగ్గర పడగానే కిందకి దిగి “రానీ, రానీ” అని మొదలుపెట్టారు.

నీకు తెలుసా? ఒక్క ముక్క రాయి. బిస్కెట్లు పంపకు.


రేవు.

పిట్టా,

తెలుసు.

ఆ సాయంత్రమే తెలుసు. డెక్కు మీద పనిచేసేవాళ్ళు మీ బావకి చెప్పారు. మరిది చెయ్యెత్తి జీపుని ఆపాడట, “ఇది ఆఖర్న” అని. మీ మామగారు జెట్టీ మీదే, అందరూ వింటుండగా, “నలుగురి కళ్ళ ముందు, ఆ స్థితిలో, నీ పెళ్ళాన్ని మేకల బండిలా గుమ్మంలో పడేస్తావా? మనింటి బండి ఎప్పుడైనా గుమ్మంలో ఉందా? పెద్దల చోట్లో పెట్టు. అవతల నేను ఒక్క కేకేస్తే అన్నీ తప్పుకుంటాయి” అన్నారట. మరిది ఎత్తిన చెయ్యి దించేశాడట.

అవతల ఆయన కేకేశారు. నా కొట్టులోకి వినిపించింది. కేకకి మనుషులు తప్పుకుంటారు గానీ చెడిపోయిన లారీ తప్పుకుంటుందా? నీరు తీసిన మాట నిజమే. బల్ల ఏటవాలుగా ఉంది, గుమ్మంలో ఉన్న ఇసుక లారీ దాని మీదకి ఎక్కి ఇంజను ఆగిపోయింది. వెనక ఒక్క బండి కదల్లేదు. బళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, నీ జీపు తలుపు తెరవడానికి జానెడు చోటు లేదు. మరిది బళ్ళ మీదనుంచి పాకుతూ వచ్చి అద్దం పగలగొట్టాడు. నేను ఆసుపత్రి బండిని పెట్టుకుని బల్ల చివర్న నిలబడి ఉన్నాను. చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో. చెబితే ఏం చేసేదానివి? ఆ ఇంట్లో ఆ చేతులకే అన్నం వడ్డించాలి కదా, తెలిసి ఎలా వడ్డిస్తావని దాచాను. ఇంకొకటి కూడా ఉంది, దాచను. మీ మామగారు ఒక్క మాటంటే రేపు తాడు ఇంకొకడు పట్టుకుంటాడు. కొట్టు మీద వచ్చేది పాలకీ పంచదారకీ సరిపోతుంది. నాకు ఇద్దరు పిల్లలు. నువ్వు నా స్థానంలో ఉంటే తెలిసేది.

ఆయన కావాలని చేశారా చెప్పు? నిన్ను గొప్పగా దాటించాలనే కదా. ప్రేమకొద్దీ చేసిన పని. ప్రేమని పట్టుకుని కోర్టుకి వెళ్ళలేం కదే.

నాలుగు రోజులు నా దగ్గరికి వచ్చి ఉండు, మనసు కుదుటపడుతుంది. నేనే మీ మామగారికి రాసి అనుమతి అడుగుతాను.

మీ అక్క


రేవు.

అక్కకి,

పైన ఊరు చూసి పొరపాటున రాశాననుకోకు. రేవులోనే ఉన్నాను. నీ కొట్టుకి రెండు వీధులవతల, లారీలకి టార్పాలిన్లు కుట్టే దుకాణంలో. ఫెర్రీలో కలిసిన గంపావిడ వదినగారిది. దుకాణం వెనక గదిలో ఆవిడతో పాటే ఉంటున్నాను. అరచేతికి తోలుముక్క కట్టుకుని దాంతో సూదిని నెట్టాలి. మొదట్లో చెయ్యి బొబ్బలెక్కింది, ఇప్పుడు కాయ కాసింది. మాట్లాడే పని లేదు, అది నాకు నచ్చింది.

నువ్వు రాసే అనుమతి ఉత్తరం కోసం ఆగలేదు. మామగారు భోంచేస్తుంటే అడిగాను. “మామయ్యగారూ, నన్ను ఆ చోట ఎందుకు పెట్టించారు?”

ఆయన ముద్ద కంచంలోకి దించారు. “నీ మర్యాద కోసమేనమ్మా” అన్నారు. నిజంగానే అన్నారు.

“మర్యాద మిగిలింది మామయ్యగారూ” అన్నాను.

అత్తయ్య “దీనికి నోరు లేదనుకున్నాం, ఇన్నాళ్ళూ లోపల నూరుకుంటోందన్నమాట” అంది. నూరుకోలేదక్కా. నోరు అప్పుడే వచ్చింది. కాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేది, కానీ మీరెవరూ నాకు ఏమీ చెప్పనిదే నోరు తెరిచి ఏమని అరవను?

మర్నాడు సంచీ పట్టుకుని ఫెర్రీ ఎక్కాను. ఆయన డెక్కు మీదే ఉన్నారు. సంచీ చూశారు, నన్ను చూశారు. అడ్డం రాలేదు. వెళ్ళొద్దనలేదు, వెళ్ళమనలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మౌనం నాకు పనికొచ్చింది ఆ ఒక్క రోజే. తర్వాతెప్పుడో దుకాణం గుమ్మంలోకి వచ్చి “ఇంటికి రా” అన్నారు. “నాన్నగారు పంపారా?” అని అడిగాను. వెనకనుంచి టార్పాలిన్ కోసం వచ్చిన లారీ హారన్ కొడితే, పక్కకి తప్పుకుని అటే వెళ్ళిపోయారు. ఆయన కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక్క తప్పు దొరకదు. ఎత్తిన చెయ్యి దించాడు, అంతే.

బావ పని గురించి బెంగపడకు. మీ ఇద్దరి పేర్లూ ఎత్తలేదు. మామగారికి గంపావిడ చెప్పిన సంగతే తెలుసు. తాడు బావ చేతిలోనే ఉంటుంది.

నీ పిల్లల సంగతి రాశావు. నీ స్థానంలో ఉంటే తెలిసేదన్నావు. తెలుస్తూనే ఉంది, అందుకే తిట్టడం లేదు. మామగారి మీద ఉన్నంత కోపం నీ మీద ఉంటే వచ్చి గొడవపడి, ఏడ్చి, నీ దగ్గరే పడుకునేదాన్ని. అది కాదు. నన్ను తిరిగి ఆ ఇంటికి పంపిన రోజు నీకు అంతా తెలుసు. నా బట్టలు మడతపెట్టావు. నన్ను కూర్చోబెట్టి జడ వేశావు. వేస్తూ, జుట్టు ఊడిపోతోంది, నూనె రాసుకోమన్నావు. అంతా తెలిసీ జడ వేశావు. ఎంత ప్రయత్నించినా ఆ చేతుల్ని దాటి రాలేకపోతున్నాను.

కాబట్టి నేను రాను, నువ్వు రావద్దు. దారిలో ఎదురుపడితే పలకరించనక్కర్లేదు. పిల్లల్ని మాత్రం తిప్పేయకు, వాళ్ళకి నేను కనిపిస్తే నవ్వుతాను.

ఒక్క సంగతికి జవాబు కావాలి. నాకు తెలివి లేనప్పుడు పాపని బావే తీసుకెళ్ళాడని ఆసుపత్రిలో ఆయా చెప్పింది. ఎక్కడ పెట్టారో నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ నా మంచం చుట్టూ ఉన్నారు, అడగడానికి సిగ్గేసింది. కన్నదానికి ఎక్కడ పెట్టారని అడగడానికి సిగ్గేమిటో నాకే తెలియదు. ఇప్పుడు అడుగుతున్నాను. గోడ పక్కనా, ఇసుకలోనా, మీద రాయి ఏమైనా పెట్టారా, శ్మశానంలోకి ఎటునుంచి వెళ్ళాలి, బావని అడిగి గుర్తులు రాయి. ఇది మామగారిని కనుక్కుని చెప్పాల్సిన సంగతి కాదు.

తోడు రావద్దు. నేను వెతుక్కుంటాను.

చెల్లెలు